ఇల్లు లేని పిల్లలకి ఇచ్చిన ఇంటిపేరు: ఎస్పోజిటో కథ



బ్రేకింగ్ బ్యాడ్ సిరీస్ చూసిన వాళ్లకి గస్ ఫ్రింగ్ కచ్చితంగా గుర్తుంటాడు. చికెన్ షాపు కౌంటర్ వెనక నీట్‌గా టై కట్టుకుని, నవ్వుతూ నిలబడే విలన్. ఆ పాత్ర వేసిన నటుడి పేరు జాన్‌కార్లో ఎస్పోజిటో. ఆయన 1958లో కోపెన్‌హాగెన్‌లో పుట్టారు. నాన్నగారిది ఇటలీలోని నేపుల్స్ నగరం, అమ్మగారు అమెరికాకి చెందిన నల్లజాతి ఒపెరా గాయని.

ఈ ఎపిసోడ్ ఆ నటుడి గురించి కాదు. ఆయన పేరు చివర ఉన్న ఆ ఒక్క మాట గురించి. ఎస్పోజిటో.

నేపుల్స్ వెళ్లి ఏ వీధిలో నిలబడి "ఎస్పోజిటో" అని పిలిచినా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ ప్రాంతంలో అందరికంటే ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు అదే. ఇటలీ మొత్తంలో చూసినా టాప్ లిస్టులో ఉంటుంది. ఇంత మామూలు పేరుకి అర్థం ఏంటో తెలుసా? లాటిన్‌లో "ఎక్స్‌పోజితుస్" అనే మాట నుంచి వచ్చింది. అంటే "బయట పెట్టేసినది". ఇంకా సూటిగా చెప్పాలంటే, వదిలేసిన బిడ్డ.

మనం తెలుగులో ఇంటిపేరు అంటాం. అంటే ఆ మనిషి ఏ ఇంటివాడో చెప్పే పేరు. ఎస్పోజిటో మాత్రం ఇల్లే లేని పిల్లలకి పెట్టిన ఇంటిపేరు. ఆ పేరు ఎలా పుట్టింది, దాన్ని చట్టం పెట్టి ఆపాలని చూసినా ఎందుకు పోలేదు అనేది ఈ రోజు చూద్దాం.

ఖాళీగా వదలకూడని ఫీల్డ్

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. ఇటలీలో ఇంటిపేర్లు మామూలుగా నాలుగు రకాలుగా వచ్చాయి. ఒకటి, తండ్రి పేరు నుంచి. ది పియెత్రో అంటే పియెత్రో కొడుకు. రెండు, ఊరి పేరు నుంచి. మూడు, చేసే పని నుంచి. ఫెరారీ అనే పేరు కమ్మరి పని నుంచి వచ్చింది, కారు గుర్తొచ్చింది కదా. నాలుగు, మనిషి రూపం నుంచి. రోస్సీ అంటే ఎర్ర జుట్టువాళ్లు, ఇటలీలో నంబర్ వన్ ఇంటిపేరు అదే.

చాలాకాలం వరకు మామూలు జనానికి ఇంటిపేరు అంత ముఖ్యమైన విషయం కాదు. 1563లో ట్రెంట్ అనే ఊళ్లో జరిగిన క్యాథలిక్ చర్చి మహాసభ, పెళ్లిళ్లకీ బాప్టిజాలకీ ప్రతి చర్చిలో రిజిస్టర్ రాయాలని రూల్ పెట్టింది. బిడ్డ పేరు, తల్లిదండ్రులు ఎవరు, అన్నీ రాయాలి. దాంతో ఇంటిపేర్లు తరం నుంచి తరానికి అలాగే నిలబడిపోవడం మొదలైంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు డేటాబేస్‌ల మీద పని చేసేవాణ్ణి. అక్కడ ఒక సమస్య అందరికీ తెలుసు. ఒక ఫీల్డ్‌ని తప్పనిసరి అని పెట్టాక, ఆ వివరం లేని మనిషి వస్తే ఏం చేయాలి? అమెరికా వీసా తీసుకున్న మన వాళ్లలో కొందరికి ఇది అనుభవమే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే, రెండో గడిలో "ఎఫ్ఎన్‌యూ" అని వచ్చేస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. ఆ తర్వాత అక్కడ ప్రతి కార్డు మీదా అదే పేరై కూర్చుంటుంది.

17వ శతాబ్దపు నేపుల్స్‌లో గుమస్తా ముందున్న సమస్య కూడా ఇదే. రిజిస్టర్‌లో ఇంటిపేరు రాయాలి. ఎదురుగా ఉన్నది రాత్రి ఎవరో వదిలేసి వెళ్లిన పసిగుడ్డు. తల్లి ఎవరో తెలీదు, తండ్రి ఎవరో తెలీదు. అప్పుడు ఆ గుమస్తా ఒక డిఫాల్ట్ వాల్యూ రాశాడు. ఎస్పోజిటో.

గోడలో తిరిగే డ్రమ్ము

నేపుల్స్ పాత ఊళ్లో ఫోర్చెల్లా అనే పేట ఉంది. ఇరుకు వీధులు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. అక్కడ అనున్‌జియాటా అనే పెద్ద సంస్థ 14వ శతాబ్దం నుంచి ఉంది. చర్చి, ఆసుపత్రి, అనాథాశ్రమం అన్నీ కలిసిన చోటు అది. దాని గోడలో ఒక చిన్న రంధ్రం ఉంది, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు. దాన్ని ఇటాలియన్‌లో "రువోటా" అనేవాళ్లు. అంటే చక్రం.

ఇది ఎలా పనిచేసేదంటే, గోడ మధ్యలో నిలువుగా ఒక చెక్క డ్రమ్ము ఉంటుంది. ఒక పక్క తెరిచి ఉంటుంది. వీధి వైపు నుంచి వచ్చిన మనిషి బిడ్డని అందులో పెట్టి, డ్రమ్మును తిప్పుతుంది. తెరిచి ఉన్న పక్క లోపలికి తిరుగుతుంది. లోపల రాత్రీపగలూ కాపలా ఉండే ఆవిడ బిడ్డని తీసుకుంటుంది. బయట ఉన్న మనిషి మొహం లోపలి వాళ్లకి కనపడదు. లోపలి వాళ్ల మొహం బయటికి కనపడదు. ఆ డ్రమ్ము పెట్టిందే అందుకు.

తర్వాత బిడ్డకి స్నానం చేయించి రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లు. ఏ తేదీ, ఏ వేళకి వచ్చింది, చూస్తే ఎన్ని రోజుల బిడ్డలా ఉంది, ఒంటి మీద ఏం బట్టలున్నాయి, పక్కన ఏమైనా పెట్టారా, అన్నీ రాసేవాళ్లు. బాప్టిజం చేసి ఒక పేరు పెట్టేవాళ్లు. పక్కన ఇంటిపేరుగా ఎస్పోజిటో అని పడిపోయేది.

అక్కడి జనం ఈ పిల్లల్ని "మడోన్నా బిడ్డలు" అనేవాళ్లు. మేరీమాత పిల్లలు అని. పిలుపు వింటే చాలా ప్రేమగా ఉంటుంది. రిజిస్టర్‌లో రాసిన మాటలో ఆ ప్రేమ లేదు.

ఒక్కో ఊరికి ఒక్కో ముద్ర

ఇది ఒక్క నేపుల్స్‌లోనే జరగలేదు. ఇటలీ మ్యాప్ తీసుకుని చూస్తే, వదిలేసిన పిల్లలకి ఒక్కో నగరం ఒక్కో రకం పేరు పెట్టింది.

రోమ్ నగరంలో "ప్రొయెత్తీ" అనేవాళ్లు. దీనికీ లాటిన్ మూలమే, అర్థం "విసిరేసిన వాళ్లు". సిసిలీలో "త్రొవాటో" అంటే దొరికినవాడు. దియోదాతో అంటే దేవుడిచ్చినవాడు. మన దేవదత్తుడు గుర్తొచ్చాడా? రెండూ అర్థంలో ఒకటే, లాటిన్‌కీ సంస్కృతానికీ ఉన్న పాత చుట్టరికం వల్ల వేళ్లు కూడా ఒకటే.

మిలాన్‌లో పిల్లలకి కొలొంబో అని పెట్టేవాళ్లు. కొలొంబో అంటే పావురం. అక్కడి పెద్దాసుపత్రి గుర్తు పావురం కాబట్టి ఆ పేరు. ఈ రోజుకీ మిలాన్ చుట్టుపక్కల చాలా ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లలో కొలొంబో ఒకటి.

ఇక ఫ్లోరెన్స్. ఇక్కడ కాస్త ఆగుదాం. ప్రాతో అనే ఊరి వర్తకుడు ఫ్రాన్‌చెస్కో దతీని 1410లో చనిపోతూ, వదిలేసిన పిల్లల కోసం ఒక ఆశ్రమం కట్టమని 1000 బంగారు ఫ్లోరిన్లు రాసిచ్చాడు. పట్టు వర్తకుల సంఘం ఆ పని నెత్తిన వేసుకుంది. 1419లో డిజైన్ చేసింది ఎవరో కాదు, ఫ్లోరెన్స్ క్యాథడ్రల్ మీద ఆ పెద్ద గోపురం కట్టిన బ్రునెలెస్కీ. దాని పేరు ఓస్పెదాలె దెగ్లీ ఇన్నొచెంతీ. అంటే అమాయకుల ఆసుపత్రి.

1445 ఫిబ్రవరి 5న అక్కడికి మొదటి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాథా పండగ. అందుకే పాపకి అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. స్మెరాల్దా అంటే పచ్చ, మణి. ఐదొందల ఎనభై ఏళ్ల కిందట వదిలేసిన ఒక పాప పేరు, తేదీతో సహా మనకి ఇప్పుడు తెలుసు. ఎంతమంది రాజుల పుట్టినరోజులు మనకి తెలుసు చెప్పండి?

ఈ ఆశ్రమం పేరు నుంచే ఇన్నొచెంతీ, నొచెంతీని లాంటి ఇంటిపేర్లు వచ్చాయి. గమనించండి. పద్ధతి ఒకటే, పిల్లల పరిస్థితి ఒకటే. కానీ నేపుల్స్ "వదిలేసినవాడు" అంది, రోమ్ "విసిరేసినవాడు" అంది, ఫ్లోరెన్స్ "ఏ పాపం తెలియనివాడు" అంది. పేరు పెట్టే అధికారం మన చేతిలో ఉన్నప్పుడు ఏ మాట ఎంచుకుంటామో, అది మన గురించే చెబుతుంది.

ఎవరు వదిలేశారు?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంతమంది పిల్లల్ని ఎవరు వదిలేశారు?

మొదట గుర్తొచ్చేది పెళ్లి కాకుండా తల్లులైన అమ్మాయిలు. అది నిజమే. పరువు అనేది ఆ రోజుల్లో ఆడపిల్ల ఒంటి మీద మోయాల్సిన బరువు. చర్చి ఒత్తిడి, ఊరి ఒత్తిడి, ఇంట్లో ఒత్తిడి. చాలాచోట్ల తల్లి ఆ బిడ్డని ఉంచుకుంటానన్నా కుదిరేది కాదు. తండ్రి మాత్రం ఎక్కడా కనపడడు. నెపోలియన్ తెచ్చిన చట్టం అయితే, బిడ్డకి తండ్రి ఎవరో కోర్టులో తేల్చమని అడగడాన్నే దాదాపుగా నిషేధించింది. అంటే రిజిస్టర్‌లో ఖాళీ గడి దానంతటదే రాలేదు. ఒకరిని కాపాడటానికి దాన్ని ఖాళీగా ఉంచారు, ఆ మచ్చ మాత్రం బిడ్డ పేరు మీద పడింది.

కానీ వాళ్లు మాత్రమే కాదు. పెళ్లయిన జంటలు కూడా వదిలేసేవాళ్లు. కరువు, పనిలేకపోవడం, తల్లికి పాలు లేకపోవడం, ఇంట్లో అప్పటికే నలుగురు పిల్లలు. 19వ శతాబ్దంలో మిలాన్‌లో ఇలా వచ్చే పిల్లల సంఖ్య ఏటా వేలల్లోకి వెళ్లింది. వాళ్లలో చాలామంది పెళ్లయిన వాళ్ల పిల్లలే. కష్టకాలం గడిచాక మళ్లీ తీసుకెళ్దాం అనుకున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు.

మనకి ఎలా తెలుసు? బిడ్డ పక్కన పెట్టిన వస్తువుల వల్ల. సగానికి విరిచిన మెడల్. సగం కోసిన నాణెం. చింపిన బొమ్మ ముక్క. పూస కట్టిన దారం. మిగతా సగం తల్లి దగ్గర ఉంటుంది. ఎప్పుడైనా తిరిగొస్తే రెండు సగాలు కలిపి చూపించి "ఇది నా బిడ్డ" అని చెప్పాలి. ఈ రోజుల్లో మనం వాడే ఓటీపీ, క్యూఆర్ కోడ్ లాంటిదే. ఒక సగం సర్వర్‌లో, ఒక సగం మన చేతిలో. ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఈ సగం ముక్కల్ని చిన్న చిన్న డ్రాయర్లలో పెట్టారు. ఒక్కో డ్రాయర్ మీద ఒక పిల్ల పేరు. ఆ ముక్క ఇంకా అక్కడే ఉందంటే, రెండో సగం తిరిగి రాలేదన్నమాట.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అందరూ బతకలేదు. డబ్బా పాలు లేని కాలం. పాలిచ్చే దాదులు సరిపోయేవాళ్లు కాదు. కిక్కిరిసిన గదులు, అంటురోగాలు. పుట్టిన ఏడాదిలోపే చనిపోయిన పిల్లలు చాలా ఎక్కువ. బతికిన వాళ్లలో కొందరు పల్లెటూళ్లలో పెంచిన కుటుంబంతోనే ఉండిపోయారు. కొందరు ఒక పని నేర్చుకున్నారు. ఆడపిల్లల పెళ్లికి ఆశ్రమాలు కట్నం డబ్బు ఇచ్చేవి. కాబట్టి ఈ రోజు ఎవరైనా ఎస్పోజిటో అని పేరు చెబుతుంటే, ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆ పేరుతో మొదలైన మనిషి ఆ గదిలోంచి బతికి బయటపడ్డ బిడ్డ.

పేరుని బ్యాన్ చేశారు

ఈ పేరుతో పెద్దయ్యాక జీవితం ఎలా ఉంటుందో ఊహించండి. సంబంధం మాట్లాడటానికి వెళ్తారు. పేరు అడుగుతారు. చెప్పగానే అర్థమైపోతుంది. పనికి వెళ్తారు, అక్కడా అంతే. ఇంకా పరిచయం కూడా కాకముందే మీ పుట్టుక గురించి ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది. మీతో ఆగదు. మీ కొడుక్కి, మనవడికి కూడా అదే పేరు వెళ్తుంది. వాళ్లని ఎవరూ వదిలేయలేదు, అయినా సరే.

1808 నుంచి 1815 వరకు నేపుల్స్‌ని పాలించింది నెపోలియన్ బావగారు జొఆకిమ్ మ్యూరా. ఇకమీదట వదిలేసిన పిల్లలకి ఎస్పోజిటో అని పెట్టకూడదని ఆయన కాలంలో ఆర్డర్ వచ్చింది. మిలాన్‌లో కూడా 19వ శతాబ్దం మొదటి సగంలోనే కొలొంబో పెట్టడం ఆపేశారు.

ఇప్పుడు గుమస్తాలకి కొత్త తలనొప్పి. డిఫాల్ట్ వాల్యూ పోయింది. ప్రతి బిడ్డకీ ఒక కొత్త ఇంటిపేరు సృష్టించాలి. పూల పేర్లు, నెలల పేర్లు, జంతువుల పేర్లు, తోచింది రాశారు. విచిత్రం ఏంటంటే, మరీ విచిత్రమైన పేర్లు చూసి కూడా జనం కనిపెట్టేసేవాళ్లు.

చివరికి 1875 జూన్‌లో నేపుల్స్ చక్రం, ఫ్లోరెన్స్ చక్రం రెండూ మూతపడ్డాయి. ఫ్లోరెన్స్‌లో చివరగా వచ్చిన ఇద్దరు పిల్లలకి పెట్టిన పేర్లు వినండి. పాపకి లౌదాతా కియుజురీ. దాన్ని కలిపి చదివితే "మూసేయడం మంచిదైంది" అనే అర్థం వస్తుంది. బాబుకి ఉల్తీమో లశాతీ. అంటే "వదిలేసిన వాళ్లలో ఆఖరివాడు". పేరు పెట్టినాయనకి అది తెలివైన జోక్ అనిపించి ఉండొచ్చు. కానీ ఆ పేరు పడింది ఆ బాబు మీద. పాత అలవాటు ఆఖరి రోజు వరకు పోలేదు. దేశమంతటా చక్రాల్ని పూర్తిగా రద్దు చేసింది 1923లో.

చక్రం పోయినా ఖాళీ గడి పోలేదు. 20వ శతాబ్దంలో కూడా తండ్రి తెలియని పిల్లల కాగితాల మీద తండ్రి పేరు దగ్గర "ఎన్.ఎన్." అని రాసేవాళ్లు. లాటిన్‌లో దాన్ని "పేరు తెలియదు" అని చదివేవాళ్లు. స్కూల్లో, ఆఫీసులో ఎక్కడ కాగితం చూపించినా ఆ రెండు అక్షరాలు. 1955లో ఒక చట్టం తెచ్చి, మామూలు సర్టిఫికెట్లు, గుర్తింపు కాగితాల మీద తల్లిదండ్రుల పేర్లు రాయడమే తీసేశారు. డేటాబేస్ భాషలో చెప్పాలంటే, తప్పనిసరి ఫీల్డ్‌ని స్క్రీన్ మీద నుంచి తీసేశారు. నాకు ఈ కథలో బాగా నచ్చిన పరిష్కారం ఇదే. వాల్యూ మార్చలేదు, ప్రశ్ననే తీసేశారు.

ఇప్పుడున్న రూల్స్ 2000లో వచ్చాయి. తల్లిదండ్రులు తెలియని బిడ్డకి ఆ సంగతి బయటపెట్టే పేరు గానీ ఇంటిపేరు గానీ పెట్టకూడదు. పేరు సిగ్గుగా ఉన్నా, పుట్టుకని బయటపెడుతున్నా మార్చుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మరి పేరు ఎందుకు పోలేదు?

కొందరు నిజంగానే మార్చుకున్నారు. కొందరి పేర్లు అక్షరం అటూ ఇటూ అయి స్పోజిటో, ఎస్పోస్తో, దెగ్లీ ఎస్పోస్తీ అని నిలిచాయి. కానీ లక్షల్లో జనం అలాగే ఉంచుకున్నారు. ఎందుకంటే, అప్పటికే అది రెండు మూడు తరాలుగా వాళ్ల నాన్న పేరు, తాతయ్య పేరు. గుమస్తా రాసినప్పుడు అది ఒక లేబుల్. తాతయ్య బేకరీ బోర్డు మీద ఉన్నప్పుడు అది కుటుంబం పేరు.

మార్గరీటా పిజ్జా కథ మీరు వినే ఉంటారు. 1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్ వచ్చినప్పుడు ఒక పిజ్జా మేస్త్రీ ఆమె కోసం ఆ పిజ్జా చేశాడని చెప్పుకుంటారు. ఆ కథలో ఎంత నిజం అనే దాని మీద చరిత్రకారులకి అనుమానాలున్నాయి. ఆ మేస్త్రీ పేరు మాత్రం రఫయేలె ఎస్పోజిటో. అనాథల పేరు, రాణి పేరు ఒకే కథలో పక్కపక్కన నిలబడ్డాయి. నేపుల్స్‌కి అది పెద్ద వింత కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది విని ప్రతి కొలొంబోనీ అనాథల వంశం అనేయకండి. క్రిస్టఫర్ కొలంబస్ అసలు ఇంటిపేరు కొలొంబోనే, ఆయన జెనోవాలో ఉన్ని నేసే కుటుంబం కొడుకు. పావురం అనే పేరు మనుషులకి ముందు నుంచీ ఉంది. అలాగే గస్ ఫ్రింగ్ నటుడి ముత్తాతల్లో ఎవరిని చక్రంలో పెట్టారో మనం ఇక్కడ కూర్చుని చెప్పలేం. పేరు ఒక దారి చూపిస్తుంది, అంతే.

ఇంకో సంగతి. మామూలుగా ఒకే ఇంటిపేరున్న ఇద్దరు కలిస్తే "మనం ఎక్కడో చుట్టాలేమో" అనుకుంటాం. ఇద్దరు ఎస్పోజిటోలు కలిస్తే రక్తసంబంధం ఉండాల్సిన పనే లేదు. ఇది ఒక చెట్టు కాదు, వేల చెట్లు. ప్రతి చెట్టుకీ మొదట్లో ఒక బిడ్డ, ఆ బిడ్డకి పైన ఏమీ లేదు. వంశవృక్షం వెతుక్కుంటూ వెళ్లిన ఎస్పోజిటోలు చాలామంది ఒక తేదీ దగ్గర, ఒక రిజిస్టర్ పేజీ దగ్గర ఆగిపోతారు. దానికి అవతల ఉన్నది గోడ. గోడలో ఒక రంధ్రం.

అయినా వాళ్లందరికీ కలిసి ఒక ఇల్లుంది, ఫోర్చెల్లా పేటలో. ఒక ఊరు ఊరంతా మోయడం వల్ల, మచ్చగా పెట్టిన మాట మామూలు మాట అయిపోయింది. చట్టం ఆ పేరు పెట్టడాన్ని ఆపింది గానీ, దానికి గౌరవం తెచ్చింది ఆ పేరుతో బతికిన మనుషులే.

మన దగ్గర కూడా ఎక్కడో ఎవరో గుమస్తా ఒక ఫారమ్ మీద రాసేసిన మాట ఒక కుటుంబానికి పేరైపోయిన సందర్భాలు ఉండే ఉంటాయి. మీ ఇంటిపేరు ఎలా వచ్చిందో ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో ఒకసారి అడిగి చూడండి. వాళ్లు చెప్పింది కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి.